విశాఖలో చలెక్కడుంది, చింతాకు ముడుచుకోవడానికి?

రాత్రిపూట కొన్ని చెట్లు ఆకులు ఎందుకు ముడుచుకుంటాయని ఎవరినైనా అడిగి చూడండి. కాస్త చదువుకున్నవాళ్లు "చలి తగలకుండా" అంటారు. ఇంకాస్త చదువుకున్నవాళ్లు డార్విన్ పేరు కూడా చెబుతారు. అక్కడితో ఆ మాట అయిపోతుంది, అందరూ మళ్లీ ఫోన్లలోకి వెళ్లిపోతారు.

ఈ జవాబు మీద నాకు చాలాకాలంగా గుర్రుగా ఉంది. నేనుండేది విశాఖపట్నంలో. ఇక్కడ జనవరి తెల్లవారుజామున కూడా 15 డిగ్రీల కిందికి దిగడం అరుదు. స్వెట్టర్లు లంబసింగి ట్రిప్పు పెట్టుకున్నప్పుడే బీరువాలోంచి బయటికొస్తాయి. మే నెల వచ్చిందంటే రాత్రి పదింటికి కూడా చొక్కా వీపుకి అంటుకుపోయే ఉక్కపోత. అలాంటి మే నెల రాత్రి కూడా మా వీధిలో నిద్రగన్నేరు ఠంచనుగా ఆకులు ముడిచేసి నిలబడుతుంది. ఏ చలికి?

ఆకులు ఎలా ముడుచుకుంటాయన్నది మనుషులకి బాగానే అంతుబట్టింది. ఎందుకు ముడుచుకుంటాయన్నది ఇంకా తేలలేదు. తేలని ప్రశ్నకి ఇంగ్లండు మంచు రాత్రుల్లో పుట్టిన జవాబుని తెచ్చి, సముద్రపు ఒడ్డున చెమట్లు కక్కే ఊళ్లోని చింతచెట్టుకి తగిలించి, పిల్లల చేత బట్టీ పట్టించడం సరికాదని నా వాదన.

ముందు ఈ పని చేసేవి ఏవో చూద్దాం. మన చుట్టూ ఉన్నవే. నిద్రగన్నేరు, చింత, దిరిసెన, తురాయి, సుబాబుల్, అవిసె, తంగేడు. వానలు పడగానే ఖాళీ ప్లాట్లలో నడుం ఎత్తున లేచే తగిరిస. విజయనగరం, శ్రీకాకుళం వైపు మెట్ట చేలల్లో వేరుశనగ. ఇవన్నీ చిక్కుడు కుటుంబానివే. ఆ కుటుంబం కానివీ ఉన్నాయి: కుండీల్లో పిలవకుండా మొలిచే పులిచింత, నేల ఉసిరి. వేప ముడవదు, మామిడి ముడవదు, రావి ముడవదు. ఒకే గాలి, ఒకే మట్టి, ఒకే రాత్రి. కొన్ని ముడుస్తాయి, కొన్ని ముడవవు. నిజంగా చలే కారణమైతే పక్కనే ఉన్న వేపకి చలి వేయదా?

నిద్రగన్నేరు ముడుచుకోవడం చూడాలంటే ఓపిక కావాలి. డిసెంబరులో అయితే ఐదు దాటగానే మొదలవుతుంది, అప్పటికి ఎండ ఇంకా కొండల మీద ఉంటుంది. ముందు పెద్ద ఈనెలు కొద్దిగా వాలతాయి. ఆ తర్వాత చిట్టాకులు ఒక్కో జతా కిందికి దిగుతూ ఒకదాని వైపు ఒకటి తిరుగుతాయి. చూస్తూ ఉంటే కదిలినట్టు ఉండదు. ఫోన్ వస్తే మాట్లాడి మళ్లీ తల ఎత్తేసరికి తేడా తెలుస్తుంది. పగలు ఆ గుబురు కింద నిలబడితే ఆకాశం ముక్క కూడా కనిపించదు. చీకటి పడ్డాక అదే చోట నిలబడితే కొమ్మల సందుల్లోంచి ఎదుటి అపార్టుమెంటు బాల్కనీలు, వాటి మీద ఆరేసిన బట్టలు లెక్కపెట్టుకోవచ్చు. "నేను డ్యూటీ ఎక్కేతలికి దాని డ్యూటీ దిగిపోద్దండి" అంటాడు మా వాచ్‌మన్.

ఆయన లెక్క దాదాపు కరెక్టే కానీ ఒక చిక్కుంది. చెట్టు డ్యూటీ దిగదు, డ్యూటీ మారుతుంది. ముడుచుకుని ఉండడం కూడా పనే. ఆ పని ఎక్కడ జరుగుతుందో చేత్తో పట్టి చూడొచ్చు. ఒక రెమ్మ కోసుకుని చిట్టాకు మొదలు దగ్గర వేలితో తడమండి. ఆకు ఈనెకి అతుక్కునే చోట కాస్త ఉబ్బుగా, మెత్తగా, సన్నని ముడతలతో ఒక కణుపు లాంటిది తగులుతుంది. శాస్త్రవేత్తలు దాన్ని పల్వినస్ అంటారు. చిట్టాకుకి ఒకటి, ఆ చిట్టాకుల వరసకి ఒకటి, మొత్తం ఆకు కొమ్మకి అంటుకునే చోట ఇంకాస్త లావుది ఒకటి. బ్లేడుతో అడ్డంగా కోసి భూతద్దంలో చూస్తే, నీటి గొట్టాలన్నీ మధ్యలో ఒకే తాడులా కూడుకుని, వాటి చుట్టూ మెత్తటి కణాలు దట్టంగా ఉంటాయి. గట్టి భాగం మధ్యలో ఉంది కాబట్టే ఆ చోట అటూ ఇటూ వంగగలదు. వేప రెమ్మలో ఇలా వంగే కీలు ఉండదు.

ఈ కీలులో పై సగం, కింది సగం ఎదురెదురుగా పనిచేస్తాయి. ఒక వైపు కణాల్లోంచి పొటాషియం, క్లోరైడ్ బయటికి పోతాయి. వాటి వెంట నీరూ పోతుంది, ఆ వైపు కణాలు సడలిపోతాయి. రెండో వైపు కణాలు అవే లవణాల్ని లోపలికి లాక్కుని, నీళ్లు తాగి బిర్రుగా అవుతాయి. ఆకు సడలిన వైపుకి వంగుతుంది. తెల్లవారేసరికి ఇదంతా తిరగబడుతుంది. కండరం లేదు, నరం లేదు, ఉప్పూ నీళ్లూ అటూ ఇటూ పోవడమే. రైతులు బస్తాల్లో కొనే మ్యూరేట్ ఆఫ్ పొటాష్‌లో ఉండేవి కూడా ఈ పొటాషియం, క్లోరైడ్‌లే. 1970ల్లో అమెరికాలో రూత్ సాటర్, ఆర్థర్ గాల్‌స్టన్ ఈ పొటాషియం రాకపోకల్ని పట్టుకున్నారు. వాళ్లు పని చేసిన చెట్లు మన దిరిసెనకి దగ్గరి చుట్టాలు, ఆ తర్వాత నిద్రగన్నేరు. 2018లో జపాను శాస్త్రవేత్తలు అదే నిద్రగన్నేరు కీలులో ఈ లవణాల్ని వదిలే గేట్లు ఏ ప్రోటీన్లతో తయారయ్యాయో కూడా చెప్పారు. అంటే ప్రపంచంలో ఆకు ముడుపు గురించి బాగా చదివిన చెట్లలో ఒకటి మన రోడ్ల పక్కనే ఉంది. మనం దాని కింద స్కూటర్ పార్క్ చేసుకుంటాం, అంతే.

వెలుతురు తగ్గింది కాబట్టి ముడుచుకుంటుందని అనుకోవడం సహజం. అందులో సగమే నిజం. వర్షాకాలంలో పట్టపగలు మబ్బులు దట్టంగా కమ్మితే నిద్రగన్నేరు ముడుచుకోవడం చూస్తాం, కాబట్టి వెలుతురుకి పాత్ర ఉంది. కానీ తెల్లవారుజామున సూర్యుడు ఇంకా సముద్రంలోంచి రాకముందే ఆకులు విప్పుకోవడం మొదలవుతుంది. రాబోయే ఎండని ముందే ఎలా పసిగట్టింది?

ఈ ప్రశ్నకి పెద్ద చరిత్ర ఉంది. అలెగ్జాండర్ నౌకాదళంలో ఆండ్రోస్థెనీస్ అనే అధికారి, ఇప్పుడు బహ్రెయిన్ అని పిలిచే దీవిలో ఒక చెట్టు రాత్రి ఆకులు మూసి పొద్దున్నే తెరవడం చూసి రాసిపెట్టాడు. అది చింతచెట్టే అయి ఉంటుందని పండితుల మాట. రెండు వేల ఏళ్లకి పైగా ఆ సంగతి అలాగే పడి ఉంది. 1729లో ఫ్రాన్సులో డి మైరాన్ అనే ఖగోళ శాస్త్రవేత్త అత్తిపత్తి లాంటి ఒక మొక్కని చీకట్లో పెట్టి చూశాడు. సూర్యుడే కనబడని చోట కూడా అది పగటివేళకి ఆకులు విప్పింది, రాత్రివేళకి ముడిచింది. చుక్కల మీద ధ్యాస ఉన్న మనిషి కాబట్టి దాన్ని అచ్చేయించడానికి కూడా బద్ధకించాడు, స్నేహితుడు ఫ్రెంచి సైన్సు అకాడమీకి రాసి పంపాడు. తర్వాత వందేళ్లకి, 1832లో, డి కండోల్ అనే స్విస్ వృక్షశాస్త్రవేత్త ఇంకో అడుగు వేశాడు. దీపాలు ఆర్పకుండా వెలిగించి పెడితే అత్తిపత్తి 24 గంటలకి కాకుండా 22, 23 గంటలకి ఒకసారి చొప్పున ముడుస్తూ విప్పుతూ పోయింది. బయటి నుంచి ఏదో సంకేతం అందుతుంటే సరిగ్గా 24 గంటలకే జరగాలి కదా. కాస్త ముందుకి జరిగిపోతోందంటే గడియారం లోపలే ఉందన్నమాట, రోజూ ఎండ దాన్ని సరిచేస్తోంది. అయినా అందరూ ఒప్పుకోలేదు. ఎక్కడో సందులోంచి వెలుతురు దూరి ఉంటుందని జర్మన్ వృక్షశాస్త్రవేత్త ఫెఫర్ లాంటి ఉద్దండుడు చాలాకాలం అనుమానించాడు. 1930ల్లో బ్యూనింగ్ అనే ఇంకో జర్మన్ శాస్త్రవేత్త వేర్వేరు వేగాలతో నడిచే చిక్కుడు మొక్కల్ని సంకరం చేసి, పిల్ల మొక్కల గడియారం మధ్యస్థంగా నడుస్తుందని చూపించాక ఈ గడియారం వంశపారంపర్యమని తేలింది. శరీర గడియారం మీద 2017లో నోబెల్ బహుమతి పండ్ల ఈగల మీద చేసిన పనికి వచ్చింది కానీ ఆ కథ మొదలైంది చీకట్లో పెట్టిన ఈ మొక్కతోనే.

కాబట్టి మా వీధి ఎల్‌ఈడీ దీపం పక్కనే ఉన్న కొమ్మ కూడా, ముఖం మీద లైటు పడుతున్నా, మిగతా కొమ్మలతో పాటే ముడుచుకుంటుంది. ఎలా అన్న ప్రశ్న ఇక్కడికి దాదాపు అయిపోయింది. మిగిలింది ఎందుకు.

దీనికి ఇంట్లో ఒక జవాబుంది. "సందేళ ఆకు దుయ్యకే, పడుకున్నాది" అనేది మా నాయనమ్మ. నాకు ఆ మాటతో పేచీ లేదు. అది మర్యాద, శాస్త్రం కాదు. పేచీ వాట్సాప్‌తో. రాత్రి చింతచెట్టు కింద పడుకోకూడదని పెద్దలు చెప్పింది కార్బన్ డయాక్సైడ్ వల్లనే అని ఒక మెసేజ్ ఏడాదికోసారి తిరిగి వస్తుంది. రాత్రి ఆకులు కార్బన్ డయాక్సైడ్ వదులుతాయన్నది నిజమే. పక్కన పడుకున్న మనిషి కూడా వదులుతాడు, అయినా ఎవరూ ఆయన్ని బయట పడుకోమనరు. ఆరుబయట, అదీ సముద్రపు గాలి వీచే ఊళ్లో, ఆ గ్యాసు అక్కడ నిలవదు. పాత నమ్మకానికి కొత్త సైన్సు కోటు తొడిగితే అటు నమ్మకానికీ గౌరవం లేదు, ఇటు సైన్సుకీ లేదు.

ఇక డార్విన్. చలి జవాబుని ఎగతాళి చేయడం నా ఉద్దేశం కాదు, ఎందుకంటే ఆయన ఊరికే అనలేదు. 1880లో కొడుకు ఫ్రాన్సిస్‌తో కలిసి మొక్కల కదలికల మీద పెద్ద పుస్తకం వేశాడు. అందులో చేసిన ప్రయోగం చిన్నదే కానీ ముచ్చటైనది. రాత్రిపూట ముడుచుకునే ఆకుల్ని కొన్నింటిని బెండు ముక్కల మీద గుండుసూదులతో విప్పి ఉంచాడు, మిగతావాటిని వాటి మానాన వదిలేశాడు. ఆరుబయట మంచు కురిసే రాత్రి పెట్టి పొద్దున్నే చూస్తే, విప్పి ఉంచిన ఆకులే ఎక్కువ మాడిపోయాయి. బల్లపరుపుగా ఆకాశానికి ఎదురుగా ఉన్న ఆకు తన వేడిని ఆకాశంలోకి వదులుకుని గాలి కన్నా చల్లబడుతుంది. ముడుచుకుంటే ఆ నష్టం తగ్గుతుంది. ముడుచుకునే మొక్కలు చాలావరకు ఆకు పై ముఖాన్నే దాచుకుంటాయని కూడా ఆయన గమనించాడు. తర్వాత కొలిచినవాళ్లకి విప్పిన ఆకుకీ ముడిచిన ఆకుకీ తేడా సుమారు ఒక డిగ్రీ దాకా కనబడింది.

ఆ ప్రయోగం సరైనదే. అది రుజువు చేసింది ఏమిటన్నదే ప్రశ్న. మంచు పడే చోట ముడుచుకోవడం వల్ల లాభం ఉందని రుజువైంది. ముడుచుకోవడం అందుకే పుట్టిందని కాదు. మన వీధుల్లోని చెట్ల పుట్టిళ్లు చూడండి. చింత ఉష్ణ ఆఫ్రికాది. నిద్రగన్నేరు మధ్య అమెరికా, దక్షిణ అమెరికా ఉత్తర భాగాలది, మన దేశానికి 19వ శతాబ్దంలో వచ్చింది. తురాయి మడగాస్కర్‌ది. సుబాబుల్ మెక్సికో వైపుది. అత్తిపత్తి కూడా ఉష్ణ అమెరికాదే. ఇవేవీ మంచు గడ్డకట్టే చోట పుట్టి, వేడి దేశాలకి వలస వచ్చినవి కావు. పుట్టింట్లోనే చలి ఎరగని చెట్లు చలి కోసం ఇంత ఏర్పాటు ఎందుకు చేసుకుంటాయి? పోనీ ఒక డిగ్రీ తేడా అనుకుందాం. రాత్రి 27 డిగ్రీలు ఉన్న చోట ఆకు 26కి దిగితే దానికి వచ్చే కష్టమేమిటి? పైగా విశాఖ గాలి నిండా తేమ. తేమ గాలి నేల నుంచి, ఆకుల నుంచి పోయే వేడిని ఆకాశానికి పోనివ్వకుండా చాలావరకు పట్టి ఉంచుతుంది. ఆకు తన వేడిని వదులుకోవడానికి ఇంత పనికిరాని ఊరు ఇంకోటి ఉండదు.

లంబసింగి సంగతి వేరు. ఇక్కడి నుంచి సుమారు 100 కిలోమీటర్లే, కానీ డిసెంబరు, జనవరి రాత్రుల్లో సున్నాకి దగ్గరగా పోతుంది, ఆకాశం తేటగా ఉంటుంది. అక్కడ ముడుచుకునే మొక్కకి డార్విన్ చెప్పిన లాభం దక్కుతుందనే అనుకుంటాను. ఒకే అలవాటు కొండ మీద ఒకందుకు, ఒడ్డున ఇంకొకందుకు పనికి రావచ్చు.

చలి వాదానికి గట్టి దెబ్బ మాత్రం 2023లో చైనా శిలాజాల నుంచి తగిలింది. జైగాంటోప్టెరిడ్లు అనే అంతరించిపోయిన మొక్కల ఆకులు అవి. దాదాపు 25 కోట్ల ఏళ్ల నాటివి, డైనోసార్ల కన్నా పాతవి. శిలాజంలో ఆకు ముడుచుకుని కనబడితే అది చచ్చి ఎండి ముడుచుకుందో, బతికుండగా ముడుచుకుందో చెప్పలేం. అందుకని వాటిని పరిశీలించిన శాస్త్రవేత్తలు పురుగులు కొట్టిన చిల్లుల్ని చూశారు. ఒక కాగితాన్ని మధ్యకి మడిచి, పెన్సిల్‌తో పొడిచి, విప్పి చూడండి. మడతకి అటూ ఇటూ సరిసమానంగా ఒకే ఆకారంలో రెండు చిల్లులు కనిపిస్తాయి. ఆ ఆకుల మీద చిల్లులు అచ్చం అలాగే ఉన్నాయి. ఆకు మడిచి ఉన్నప్పుడు పురుగు రెండు పొరల్నీ కలిపి తినేసిందన్నమాట. ఇప్పటి ముడుచుకునే మొక్కల ఆకుల మీద గాట్లతో పోల్చి చూసి, ఆ మొక్కలు కూడా రాత్రుళ్లు ముడుచుకునేవని తేల్చారు. వాటికీ మన చింతకీ చుట్టరికం లేదు. ఆ రోజుల్లో అవి పెరిగిన నేల భూమధ్యరేఖ దగ్గర, వేడిగా తేమగా ఉండే అడవి. అంటే మన విశాఖ ఉక్కపోతకి అన్నదమ్ముల్లాంటి వాతావరణంలో, చిక్కుడు కుటుంబం పుట్టడానికి చాలా ముందే, వేరే మొక్కలు ఇదే పని నేర్చుకున్నాయి. వేడి అడవిలో సొంతంగా పుట్టిన అలవాటుకి చలి కారణమని నన్ను ఒప్పించడం కష్టం.

ఇదే శిలాజం ఇంకో జవాబుని కూడా కొట్టేస్తుంది. ముడుచుకుంటే పురుగులు తినలేవని కొందరంటారు. తిన్నాయి కదా, చిల్లులు అక్కడే ఉన్నాయి.

వెన్నెల జవాబు ఒకటుంది, అది చిక్కుడు గడియారం తేల్చిన బ్యూనింగ్‌దే. 1969లో మోజర్‌తో కలిసి ఆయన చెప్పింది ఇది: మొక్కలు రాత్రి ఎంత పొడుగుందో కొలుచుకుని పూత కాలం నిర్ణయించుకుంటాయి, ఆకు మీద వెన్నెల పడితే ఆ కొలత చెడిపోతుంది, అందుకే ఆకుని నిలువుగా తిప్పి వెన్నెలని తప్పించుకుంటాయి. వినడానికి అందంగా ఉంది. కానీ రాత్రిని కొలిచే మొక్కలన్నీ ముడవాలి కదా. పాత రకాల వరి, పగలు కుదించుకుపోతేనే ఈనుతుంది. చామంతి కూడా అంతే, అందుకే పూత వాయిదా వేయాలంటే పాలీహౌసుల్లో రాత్రి బల్బులు వెలిగిస్తారు. వరీ ముడవదు, చామంతీ ముడవదు. వెలుతురుని లక్సుల్లో కొలిస్తే నిండు పున్నమిది అర లక్సు కూడా ఉండదు, బీచ్ రోడ్డు దీపాలు దానికి ఎన్నో రెట్లు. వెన్నెలే అంత ప్రమాదమైతే మన ఊరి చింతచెట్లు ఈపాటికి పూత కాలం మరిచిపోయి ఉండాలి.

తేమ గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు, ఒడ్డున ఉండేవాళ్లం కాబట్టి మనం మాట్లాడాలి. బల్లపరుపు ఆకు మీద నీళ్లు నిలుస్తాయి, నిలువు ఆకు మీద జారిపోతాయి. ఆకు తడిసి ఎంతసేపు ఉంటే బూజు తెగుళ్లకి అంత అనుకూలం, ఇది వేరుశనగ రైతుకి ఎవరూ చెప్పనక్కర్లేదు. కాబట్టి ముడుపు వల్ల ఆకు త్వరగా ఆరుతుందేమో. అయితే రెండు చిట్టాకులు దగ్గరగా అంటుకుంటే వాటి మధ్య చిక్కిన తడి ఇంకా ఎక్కువసేపు ఉండొచ్చు కూడా. అందుకే ఈ జవాబు మీద పందెం కాయను.

నేను పందెం కాసేది అమెరికన్ వృక్షశాస్త్రవేత్త పీటర్ మినోర్‌స్కీ 2019లో రాసిన దాని మీద. ఆయన వాదన తిన్నగా పురుగుల గురించి కాదు, పురుగుల్ని తినేవాటి గురించి. పగలు గుబురుగా ఉన్న ఆకులు గొంగళిపురుగుకి ఇల్లు. రాత్రి ఆకులన్నీ ముడుచుకుంటే ఆ ఇంటికి గోడలూ లేవు, కప్పూ లేదు. తినడానికి బయటికొచ్చిన పురుగు గబ్బిలానికీ, గుడ్లగూబకీ, సాలీడుకీ తేలిగ్గా దొరుకుతుంది. దాని కదలిక కనిపిస్తుంది, చప్పుడు అందుతుంది, వాసన తెలుస్తుంది. చెట్టు తనంతట తాను పురుగుని ఆపలేదు, కానీ శత్రువు శత్రువుకి తలుపు తీసి పెడుతుంది.

నాకు ఇది ఎందుకు నచ్చిందంటే, చింతకీ వేపకీ తేడా ఎందుకో అడగడానికి ఇందులో చోటుంది. వేప తన ఆకుని చేదుతో కాపాడుకుంటుంది. చిక్కుడు కుటుంబం ఆకుల్లో నత్రజని, అంటే మాంసకృత్తులు ఎక్కువ, పశువులకైనా పురుగులకైనా అవి మంచి మేత. అంత రుచైన ఆకు పెట్టుకున్న చెట్టుకి కాపలా కావాలి. ఇది నా ఊహే సుమా. పైగా వేడి, తేమ ఉన్న చోటే పురుగులు ఎక్కువ, ముడుచుకునే చెట్లూ అక్కడే ఎక్కువ. సాయంత్రం ఏడు దాటాక మా వీధి దీపం చుట్టూ చిన్న గబ్బిలాలు గిరికీలు కొడతాయి, కరెంటు తీగ మీద పైడికంటె, అంటే చిన్న గుడ్లగూబ, కూర్చుని నిద్రగన్నేరు వైపే చూస్తూ ఉంటుంది. అది రుజువు కాదని నాకూ తెలుసు. దీపం పెట్టిన చోటికి పురుగులొస్తాయి, పురుగులున్న చోటికి అవొస్తాయి, చెట్టుకి అందులో సంబంధం లేకపోవచ్చు.

అసలు ఏ లాభమూ లేదనే వాదన కూడా ఉండొచ్చు. ఆ కీలు పగటి పని కోసం, అంటే ఎండకి ఆకుని తిప్పుకోవడానికి ఏర్పడింది, రాత్రి ముడుపు దాని పక్క ఫలితం అంటారు. మధ్యాహ్నం ఎండలో వేరుశనగ ఆకులు చూసినవాళ్లకి ఇది అర్థమవుతుంది. కానీ లవణాల్ని అటూ ఇటూ తోడడానికి శక్తి ఖర్చవుతుంది. ముడుచుకోవడమంటే ఒక వైపు సడలిపోవడమే కాదు, రెండో వైపు కష్టపడి నిండడం కూడా. ఇంత ఖర్చుని ప్రతి రాత్రీ కోట్ల ఏళ్లపాటు ఉత్తినే భరించాయంటే నమ్మబుద్ధి కాదు.

మినోర్‌స్కీ చెప్పింది కూడా ప్రస్తుతానికి ఊహే, ఆయనే దాన్ని ఊహగా పెట్టాడు. తేలాలంటే పరీక్ష కావాలి. పరీక్ష కుదరనిదేం కాదు. 2022లో జపాను బృందం ఇలాంటిదే ఒకటి చేసింది, రాత్రి ముడుపు మీద కాదు, ముట్టుకుంటే అత్తిపత్తి ముడుచుకోవడం మీద. కదలలేని అత్తిపత్తినీ మామూలు దాన్నీ మిడతల ముందు పెడితే, కదలలేనిదే ఎక్కువ తినేయబడింది. అక్కడ ల్యాబు ఉంది, జన్యువులు మార్చే సౌకర్యం ఉంది. మనకి అవి లేకపోయినా డార్విన్ దగ్గరున్న సూది, బెండు ముక్క ఉన్నాయి. అంతకన్నా ముఖ్యం, డార్విన్‌కి లేని రాత్రులు ఉన్నాయి: వెచ్చగా, పురుగులతో నిండిన రాత్రులు. మన కాలేజీల్లో బోటనీ ప్రాజెక్టులంటే హెర్బేరియం షీట్లు, అంటే ఎండబెట్టిన మొక్కలు, అతికించి కవరు పేజీ కలర్ ప్రింటు తీయడం. దాని బదులు ఇది చేయొచ్చు.

నిద్రగన్నేరు ఎక్కడానికి ఎత్తు, దీనికి తగిరిస మేలు. కొందరు తంటెం అంటారు, లేతాకు కూర కూడా వండుతారు. ఆకుకి మూడు జతల చిట్టాకులే, మనిషి నడుం ఎత్తు మొక్క, వానాకాలంలో ఖాళీ ప్లాటు నిండా ఉంటుంది. చిన్న పసుపుపచ్చ సీతాకోకచిలుకలు దాని మీదే గుడ్లు పెడతాయి, కాబట్టి గొంగళిపురుగుల కోసం వెతుక్కోనక్కర్లేదు. సాయంత్రం కొన్ని ఆకుల్ని సన్నని వెదురు పుల్లకి దారంతో కట్టి విప్పి ఉంచాలి. ఇంకొన్నింటికి అంతే దారం, అంతే పుల్ల కట్టి, ముడుచుకునే వీలు మాత్రం వదలాలి. లేకపోతే తేడా ఆకు ముడుపు వల్ల వచ్చిందో దారం వల్ల వచ్చిందో చెప్పలేం. కొన్ని మొక్కల మీద దోమతెర కప్పాలి, గొంగళిపురుగులు లోపలే ఉండాలి, గబ్బిలాలూ పిట్టలూ రాకూడదు, సాలీళ్లుంటే ఏరేయాలి. తెర లేని చోట విప్పి ఉంచిన ఆకులే ఎక్కువ చిల్లులు పడి, తెర కింద రెండు రకాలకీ తేడా లేకపోతే మినోర్‌స్కీ వైపు తూకం మొగ్గినట్టు. తెర కింద కూడా అదే తేడా కనబడితే ఆయన జవాబునీ చలి జవాబు పక్కన పెట్టేయాలి. ఆగస్టు, సెప్టెంబరు నెలలు బాగుంటాయి. ప్లాటు మాత్రం చూసుకుని ఎంచుకోవాలి, దోమల కోసం ఫాగింగ్ చేసే వీధి పక్కదైతే పురుగులూ ఉండవు, సాలీళ్లూ ఉండవు, లెక్కపెట్టడానికి ఏమీ మిగలదు.